సముద్రం మీద ఒక నాకా

హైదరాబాదులో తార్నాక చౌరస్తా మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం, చుట్టూ పరిశోధనా సంస్థలు, నడుమ బస్సుల రొద. ఆ పేరుకు ఒక కథ చెబుతారు. ‘తార్’ అంటే తీగ. ‘నాకా’ అంటే వచ్చేపోయేవారిని ఆపి చూసే చోటు. ఒకప్పుడు ఇక్కడ తీగకంచె, దానికి ఒక కాపలా నాకా ఉండేవట. అందుకే ‘తార్‌నాకా’ అయిందట.

నాకాను ఎక్కడపడితే అక్కడ పెట్టరు. దారి ఇరుకైన చోట, ఎవరూ తప్పించుకుపోలేని చోట పెడతారు. మరి సముద్రం మీద నాకా పెట్టాలంటే? అక్కడ రోడ్డు లేదు, చౌరస్తా లేదు. అయినా ఓడలకూ దారులున్నాయి. రేవులోకి పోయే దారి మొదట్లో ఒక చిన్న ద్వీపం ఉందనుకోండి. అక్కడ కూర్చున్నవాడికి వచ్చే ఓడ, పోయే ఓడ అన్నీ కనబడతాయి. అందుకే రాజులు అలాంటి ద్వీపాల మీద కోటలు కట్టారు. ఆ తరువాతి కాలంలో వాటిలో కొన్నింటి మీద దీపాలు వెలిగాయి. అటువంటి ఒక దీపం గురించి, అసలు దీపం అంత దూరం ఎలా కనబడుతుందన్న దాని గురించి ఇప్పుడు తెలుసుకుందాం.

కోట ముందు, దీపం తరువాత

ముంబయికి దక్షిణంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, అలీబాగ్ దగ్గరి థళ్ తీరానికి ఎదురుగా ఖాందేరి అనే చిన్న ద్వీపం ఉంది. నల్లని రాతి మీద నిలిచిన ద్వీపం ఇది. ముంబయి రేవుకు దక్షిణం నుంచి వచ్చే ఓడ దీనికి కనబడకుండా పోవడం కష్టం.

1679లో శివాజీ ఇక్కడ కోట కట్టించడం మొదలుపెట్టాడు. ముంబయిలో ఉన్న ఇంగ్లీషువారికి గుండెలో రాయి పడ్డట్టయింది. తమ వాకిట్లోనే మరొకరి నాకా లేస్తుంటే ఊరుకుంటారా? యుద్ధనౌకలు పంపి ద్వీపాన్ని చుట్టుముట్టారు. ఆ ఏడాది అక్టోబరులో సముద్రం మీద పోరు కూడా జరిగింది. కాని కోట పని ఆగలేదు. ఎందుకంటే, పెద్ద ఓడలకు గాలి కావాలి. మరాఠాల చిన్న పడవలకు తెడ్లు చాలు. గాలి లేని రాత్రుల్లో ఆ పడవలు చీకట్లో జారుకుంటూ ద్వీపానికి సామాను చేర్చేవి. చివరకు 1680 మొదట్లో ఇంగ్లీషువారు వెనుదిరిగారు. అదే సమయంలో జంజీరా సిద్దీలు పక్కనే ఉన్న ఉందేరి ద్వీపాన్ని పట్టుకుని అక్కడ తమ కోట కట్టుకున్నారు. ఒక నాకాకు ఎదురుగా మరో నాకా!

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆనాడు ఖాందేరిని కాపాడింది చీకటి. యుద్ధంలో ఉన్న ద్వీపం దీపం పెట్టదు, దీపాలు ఆర్పుతుంది. దాదాపు 190 ఏళ్ల తరువాత, 1867లో, అదే ద్వీపం మీద ఓడలకు దారి చూపే దీపస్తంభం కట్టారు. శత్రువును ఆపడానికి ఎంచుకున్న ఎత్తయిన చోటే, ఎవరి ఓడనైనా కాపాడడానికి కూడా పనికివచ్చింది. 1998లో ఈ ద్వీపానికి మరాఠా నౌకాదళ నాయకుడు కాన్హోజీ ఆంగ్రే పేరు పెట్టారు. 2025 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన 12 మరాఠా కోటల్లో ఖాందేరి ఒకటి.

అదే 1867లో మన గోదావరి దగ్గర

ఇప్పుడు తూర్పు తీరానికి వద్దాం. ఖాందేరి దీపస్తంభం కట్టిన 1867లోనే, జూన్ 19న, ‘శాక్రమెంటో’ అనే అమెరికా యుద్ధనౌక గోదావరి ముఖద్వారం దగ్గర, కాకినాడకు దక్షిణంగా, నీటి కింద ఉన్న మేటకు తగిలి చిక్కుకుపోయింది. అది పాత పడవేమీ కాదు. 1862లో నీటిలోకి దింపిన ఓడ. తెరచాపలతో పాటు ఆవిరి యంత్రం కూడా ఉంది. నడిపించిన కెప్టెన్ నెపోలియన్ కాలిన్స్ అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న అనుభవజ్ఞుడు. అదృష్టం కొద్దీ మనుషులందరూ బతికి బయటపడ్డారు. ఓడ మాత్రం దక్కలేదు. ఆ మేటకు శాక్రమెంటో మేట అన్న పేరు మిగిలింది.

అంత మంచి ఓడ, అంత అనుభవం ఉన్న కెప్టెన్, అయినా ఎందుకిలా జరిగింది? గోదావరి తీరాన్ని ఓడ మీది నుంచి ఊహించుకోండి. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్నట్టు ఇక్కడ కొండ లేదు. ఖాందేరిలో ఉన్నట్టు రాతి గుట్ట లేదు. డెల్టా నేల పళ్లెంలా చదును. ఎంతో దగ్గరికి వస్తే తప్ప ఒడ్డు కంటబడదు. నీటి అడుగున మేట అసలే కనబడదు. ఓడ ప్రాణం ఒక్కదాని మీద ఆధారపడుతుంది: ప్రమాదం ఎంత ముందుగా తెలుస్తుంది? దీపస్తంభం చేసే పని ఆ ‘ముందు’ను పెంచడమే. అది ఎలా చేస్తుందో చూద్దాం.

మొదటి చిక్కు: భూమి గుండ్రం

‘పెద్ద దీపం పెడితే సరి, ఎంత దూరమైనా కనబడుతుంది’ అనుకుంటున్నారా? కనబడదు. కాంతి తిన్నగా పోతుంది, భూమి మాత్రం వంగి ఉంది. కొంత దూరం పోయాక సముద్రమే అడ్డు వస్తుంది. దూరంగా పోయే ఓడలో ముందు అడుగుభాగం, తరువాత తెరచాప, చివరకు స్తంభం కొన మాయమయ్యేది ఇందుకే.

ఎంత దూరం కనబడుతుందో మీరే లెక్కకట్టవచ్చు. కాగితం మీద ఒక వృత్తం గీయండి. అది భూమి. దాని మీద ఒక చిన్న స్తంభం నిలబెట్టండి. స్తంభం కొన నుంచి వృత్తాన్ని తాకుతూ పోయే స్పర్శరేఖ గీయండి. అది తాకిన బిందువే దీపం వెలుగు చేరగల చివరి చోటు. ఆ బిందువు నుంచి కేంద్రానికి వ్యాసార్ధం గీస్తే లంబకోణ త్రిభుజం వస్తుంది. ఇక పైథాగరస్ సిద్ధాంతం మీకు రానిదా? భూమి వ్యాసార్ధం సుమారు 6,400 కిలోమీటర్లు. దాని పక్కన స్తంభం ఎత్తు మరీ చిన్నది కాబట్టి ఎత్తు వర్గాన్ని వదిలేయవచ్చు. లెక్క చివరకు ఇలా తేలుతుంది:

దూరం (కిలోమీటర్లలో) = 3.6 × ఎత్తు (మీటర్లలో) యొక్క వర్గమూలం.

సముద్రమట్టానికి 49 మీటర్ల ఎత్తున దీపం ఉందనుకోండి. 49 వర్గమూలం 7. కాబట్టి నీటి మీదికి దాని వెలుగు 25 కిలోమీటర్ల దూరం పోతుంది. ఓడ మీద కాపలావాడి కళ్లు నీటికి 9 మీటర్ల ఎత్తున ఉంటే, 9 వర్గమూలం 3. అతని చూపు సుమారు 11 కిలోమీటర్లు పోతుంది. రెండూ కలిపితే 36 కిలోమీటర్లు. అంత దూరం నుంచే దీపం అతని కంటబడుతుంది. గంటకు 18 కిలోమీటర్లు పోయే ఓడకు ఇది 2 గంటల ముందు అందే హెచ్చరిక! అదే దీపం 9 మీటర్ల ఎత్తునే ఉంటే హెచ్చరిక గంటా పావులోపే. (గాలి పొరల్లో కాంతి కొద్దిగా వంగుతుంది కాబట్టి నిజంగా కనబడే దూరం ఈ లెక్క కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది.)

ఇందులో ఒక మెలిక ఉంది. ఎత్తు రెట్టింపు చేస్తే దూరం రెట్టింపు కాదు. 25 కిలోమీటర్లను 50 చేయాలంటే ఎత్తును 4 రెట్లు, అంటే 196 మీటర్లు చేయాలి. అంత స్తంభం కట్టడం ఎవరి తరం? అందుకే ఇంజనీర్లు ముందు ఉన్న ఎత్తును వెతుకుతారు. విజయనగరం జిల్లా తీరంలో, ఇంగ్లీషు రికార్డులు ‘శాంటాపిల్లి’ అని రాసిన చోట, సముద్రంలోని బండల గురించి హెచ్చరించడానికి 1847లో దీపం పెట్టారు. దాన్ని పెట్టిందీ ఒక చిన్న కొండ మీదే. ఖాందేరిలో గుట్ట, కోట సిద్ధంగానే ఉన్నాయి.

ఇంకో తమాషా. తార్నాక నుంచి సముద్రం దీపం చూడగలమా? హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. 500 వర్గమూలం సుమారు 22.4. దాన్ని 3.6తో గుణిస్తే 80 కిలోమీటర్లు. మనకు దగ్గరి సముద్రం తూర్పు తీరం. అదీ తిన్నగా కొలిస్తే 250 కిలోమీటర్ల పైనే. ఇంకా 170 కిలోమీటర్లు మిగిలాయి. నడుమ ఏ కొండా అడ్డు లేదనుకున్నా, తీరంలో 2,200 మీటర్ల స్తంభం కట్టితే తప్ప దాని దీపం ఆర్ట్స్ కాలేజీ మేడ మీద నిలబడ్డ మీకు కనబడదు. ప్రపంచంలో అతి ఎత్తయిన భవనం, దుబాయిలోని బుర్జ్ ఖలీఫా, 828 మీటర్లే!

రెండో చిక్కు: వెలుగు పలచబడుతుంది

ఎత్తు సంగతి తేలింది. మరి 36 కిలోమీటర్ల దూరానికి చేరేసరికి వెలుగు ఎంత మిగులుతుంది? దీనికి ఇంట్లోనే ఒక ప్రయోగం చేయండి.

ఒక అట్ట మధ్యలో 5 సెంటీమీటర్ల భుజంతో చతురస్రాకారపు కంత కోయండి. చీకటి గదిలో సెల్‌ఫోన్ దీపం వెలిగించి, దానికి 50 సెంటీమీటర్ల దూరంలో అట్టను నిలబెట్టండి. దీపానికి 1 మీటరు దూరంలో గోడ ఉంటే, గోడ మీద పడ్డ వెలుగు చతురస్రం భుజం 10 సెంటీమీటర్లు. గోడ మీటరున్నర దూరంలో ఉంటే 15 సెంటీమీటర్లు. అంటే ఆ కంతలో నుంచి పోయిన అంతే వెలుగు మొదట 4 రెట్ల చోటును, తరువాత 9 రెట్ల చోటును కప్పాలి. కాబట్టి 4వ వంతు, 9వ వంతు చొప్పున పలచబడింది. దీనినే విలోమ వర్గ నియమం అంటారు. ఈ నియమం ప్రకారం 1 మీటరు దూరంలో ఉన్న వెలుగు 20 కిలోమీటర్ల దూరానికి పోయేసరికి 40 కోట్ల వంతు అవుతుంది.

అయితే దీపం వెలుగులో చాలా భాగం వృథా పోతున్నదని గమనించారా? కొంత ఆకాశానికి, కొంత నేలకు పోతుంది. ఆకాశంలో ఓడలు లేవు కదా! రాత్రి పూట ఉస్మానియా ఆవరణలో రోడ్డు మీద నిలబడి చూడండి. దూరం నుంచి వచ్చే స్కూటరు దీపం చిన్నదే, అయినా కళ్లలో గుచ్చుకుంటుంది. రోడ్డు పక్క బండి మీద వేలాడే బల్బు అంత దూరం నుంచి మినుకుమంటూ ఉంటుంది. స్కూటరు దీపం వెనుక ఉన్న పుటాకార దర్పణం చెల్లాచెదురైపోయే కాంతిని ఒక కట్టగా ముందుకు పంపుతుంది. అంతే తేడా.

దర్పణం కంటే బాగా పనిచేసేది కటకం. కుంభాకార కటకానికి సరిగ్గా నాభి దగ్గర దీపం పెడితే, అవతలికి వచ్చే కిరణాలు సమాంతరంగా పోతాయి. కాని దీపస్తంభానికి మనిషంత కటకం కావాలి. అంత కటకం నడుమ గాజు మందం ఎంత ఉంటుందో ఊహించండి. బరువు మోయలేం, పైగా ఆ మందపు గాజే కాంతిని మింగేస్తుంది.

ఇక్కడే ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఆగస్టిన్ ఫ్రెనెల్ ఒక చక్కని ఉపాయం చేశాడు. కాంతి వంగేది గాజు ఉపరితలం దగ్గరే, గాజు లోపల తిన్నగానే పోతుంది. మరి లోపలి గాజు ఎందుకు? దాన్ని తీసేసి, వంపు ఉన్న పైపొరను మాత్రం ఉంగరాల్లా, మెట్లుమెట్లుగా అమరిస్తే చాలు. పైకి కిందికి పోయే కాంతిని కూడా వదలకుండా, పట్టకాలు పెట్టి సంపూర్ణాంతర పరావర్తనంతో ముందుకు మళ్లించే ఏర్పాటు కూడా ఈ కటకాల్లో చేరింది. ఇలాంటి కటకాన్ని 1823లో ఫ్రాన్సులోని కోర్దువాన్ దీపస్తంభంలో మొదటిసారి పెద్దగా వాడారు. ఆ స్తంభం ఉన్నది ఎక్కడో తెలుసా? జిరోండ్ నది సముద్రంలో కలిసే చోట, ఇసుక మేటల నడుమ. మన గోదావరి లాంటి చోటే! ఫ్రెనెల్ 1827లో, 39 ఏళ్ల వయసులోనే చనిపోయాడు. అతని కటకం మాత్రం ప్రపంచంలోని తీరాలన్నింటికీ పాకింది.

మూడో చిక్కు: ఏ దీపం ఎవరిది?

చీకట్లో కెప్టెనుకు దూరంగా ఒక దీపం కనబడింది. అది దీపస్తంభమా, పల్లెలో మంటా, మరో ఓడా? దీపస్తంభమే అయితే ఏ ఊరిది? పొరబడితే దీపం లేకపోవడం కంటే పెద్ద ప్రమాదం.

ఇందుకు మార్గం ఫ్రెనెల్ కటకంలోనే ఉంది. కాంతిని కట్టలుగా కడితే అది అన్ని వైపులా ఒకేసారి పోదు. అందుకని కటకాన్ని తిప్పుతారు. నాలుగు వైపులా నాలుగు కటకాలున్న పంజరం 40 సెకన్లకు ఒక చుట్టు తిరిగితే, ఓడలోని వారికి 10 సెకన్లకు ఒక మెరుపు కనబడుతుంది. లోపలి దీపం ఆరడం, వెలగడం లేదు. కాంతికట్ట వారి మీదుగా పోతున్నది, అంతే. కటకాల అమరికను, వేగాన్ని మారిస్తే ఒక్కో స్తంభానికి ఒక్కో లయ ఏర్పడుతుంది. ఆ లయ నౌకాపటంలో రాసి ఉంటుంది. కెప్టెను గడియారం చూసి సెకన్లు లెక్కపెడతాడు, పటం చూస్తాడు, ‘ఇది ఫలానా చోటు’ అని తేల్చుకుంటాడు. మనిషిని గొంతు బట్టి గుర్తుపట్టినట్టే!

టన్నుల బరువున్న గాజును తిప్పడం ఎలా? కొన్ని చోట్ల దాన్ని పాదరసం నింపిన తొట్టిలో తేలించేవారు. అప్పుడు వేలితో నెట్టినా కదిలేది. గోడగడియారంలో లాగా కిందికి దిగే బరువు దాన్ని తిప్పేది. ఆ బరువును మళ్లీ పైకి చుట్టడానికి కాపలాదారు రాత్రంతా మేలుకొని ఉండాలి. పాదరసం విషం. నూనె దీపాల కాలంలో ఒత్తి కత్తిరించాలి, గాజు మీద మసి తుడవాలి. తుఫాను వచ్చినా ఆ పని ఆగకూడదు.

రాయి నిలుస్తుంది, ఇసుక నడుస్తుంది

ఖాందేరి లాంటి రాతి ద్వీపం మీద కోట గోడలు మూడు వందల ఏళ్లుగా నిలిచాయి. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో సంగతి తలకిందులు. అక్కడ ఫారోస్ ద్వీపం మీద క్రీస్తుకు పూర్వం 280 ప్రాంతంలో ముందు దీపస్తంభం లేచింది. నూరు మీటర్లకు పైగా ఎత్తున్న ఆ కట్టడం ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. 14వ శతాబ్దంలో భూకంపాల దెబ్బకు అది కూలిపోయింది. 1477లో సుల్తాను ఖాయిత్‌బే అదే చోట కోట కట్టించాడు. ఖాందేరిలో కోట తరువాత దీపం, ఫారోస్‌లో దీపం తరువాత కోట. రెండింటికీ కావలసింది ఒకే రకం చోటు: రేవు వాకిట్లో, దూరం కనబడే రాయి.

గోదావరి ముఖద్వారంలో ఆ రాయి లేదు. కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్‌ను చూడండి. అదీ ద్వీపమే, రేవుకు అడ్డుగా నిలిచి అలల నుంచి కాపాడేదే. కాని అది నది తెచ్చిన ఇసుకతో ఏర్పడిన మేట. ఇసుకను నది తెస్తుంది, అలలు తోస్తాయి, తుఫాను చెరిపేస్తుంది. నిరుడు లోతుగా ఉన్న చోట ఈ ఏడు మేట ఉండవచ్చు. కాబట్టి ఇక్కడ దీపం ఒక్కటే చాలదు. లోతు మళ్లీ మళ్లీ కొలవాలి, పటం మళ్లీ మళ్లీ దిద్దాలి. శాక్రమెంటో పేరుతో ఆ తీరంలో తరువాత దీపస్తంభం వెలిసింది. మునిగిన ఓడ పేరే, మిగతా ఓడలను కాపాడే దీపానికి పేరయింది.

ఈ రోజుల్లో ఇంకా ఎందుకు?

ఉపగ్రహాల సాయంతో ఓడ తానెక్కడున్నదీ కొద్ది మీటర్ల తేడాతో తెలుసుకుంటుంది. కాపలాదారు చేసిన పని చాలా చోట్ల యంత్రాలే చేస్తున్నాయి. సూర్యకాంతితో విద్యుత్తు, ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. మన దేశంలో 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. అందులో దీపాలతో పాటు రేడియో, ఎలక్ట్రానిక్ సాధనాలు కూడా చేరాయి.

అయినా దీపస్తంభాలను ఆర్పేయలేదు. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది. దాన్ని చెడగొట్టడం సాధ్యమే. పరికరం పాడైతే, బ్యాటరీ అయిపోతే, చిన్న పడవలో ఉన్న జాలరికి కంటికి కనబడే దీపమే దిక్కు. పెద్ద ఓడ కెప్టెనుకు కూడా, తెర మీద కనబడిన దాన్ని సరిచూసుకోవడానికి దానితో సంబంధం లేని రెండో సాక్ష్యం కావాలి. ఒకే సాక్ష్యాన్ని నమ్మకపోవడం సైన్సులో ఎంత ముఖ్యమో సముద్రం మీద కూడా అంతే ముఖ్యం.

మీరు చేయండి

1. ఒక దీపం 16 మీటర్ల ఎత్తున ఉంది. జాలరి కళ్లు నీటికి 1 మీటరు ఎత్తున ఉన్నాయి. ఎంత దూరం నుంచి అతనికి దీపం కనబడుతుంది? అతను పడవలో లేచి నిలబడి, కళ్లు 2 మీటర్ల ఎత్తుకు చేరితే ఎన్ని కిలోమీటర్లు కలిసివస్తాయి? (జవాబు: 18 కిలోమీటర్లు, సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు.)

2. చీకటి పడ్డాక సెల్‌ఫోన్ దీపం ముందు భూతద్దం పట్టుకుని, ఎదుటి గోడ మీద వెలుగు ఎప్పుడు చిన్నదై ప్రకాశిస్తుందో చూడండి. తరువాత భూతద్దాన్ని ముందుకు వెనక్కు జరిపి, దూరపు గోడ మీద కూడా వెలుగు ఎక్కువ విప్పారకుండా ఉండే చోటు పట్టుకోండి. అప్పుడు దీపానికి, భూతద్దానికి మధ్య దూరం కొలవండి. అది ఆ భూతద్దం నాభ్యంతరానికి దగ్గరగా ఉంటుంది. భూతద్దంలో నుంచి సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ చూడకండి.